మన ఊరి పాత లోహవస్తువులు – వానిని గుర్తుపట్టు విధము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందు చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటినుండి మీరు ఇంటిపన్నులను గూర్చియు, మంచినీటి పథకములను గూర్చియు, లెక్కల తనిఖీని గూర్చియు వినుచున్నారు. వాని నడుమ పాత ఇత్తడి, కంచు సామానులను గూర్చి చెప్పుటకు నన్ను పిలుచుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇదియు పంచాయతీ తీర్మానముల పుస్తకమునకు సంబంధించిన విషయమే. అందుచేత ఒక తీర్మానముతోనే ప్రారంభించెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట తెలంగాణ ప్రాంతములోని ఒక గ్రామమునకు వేరొక పనిమీద వెళ్ళితిని. ఆ ఊరి పేరు చెప్పను. అచ్చటి పంచాయతీ కార్యాలయము పూర్వము ఒక దేశముఖుగారి గడిలో భాగము. కప్పు మరమ్మతు చేయుటకై అటుకమీది సామానంతయు క్రిందికి దింపిరి. “పనికిరాని ఇనుప సామానును వేలము వేయుటకు” తీర్మానము సిద్ధమైయుండెను. జాబితాలో గునపములు, తుప్పుపట్టిన తాళములు, విరిగిన మోటబొక్కెన కట్లు, వానితోపాటు “నల్ల ఇనుప కూజా – 1, నల్ల ఇనుప పళ్లెము – 1” అని వ్రాసియుండెను. పాత ఇనుము కొనువాడు అప్పటికే తక్కెడతో అరుగుమీద కూర్చుండియుండెను.

ఆ కూజాను చేతిలోనికి తీసికొంటిని. అడుగు గంటవలె వెడల్పు, మెడ సన్నము, ఒడలంతయు నలుపు. ఇనుమంత బరువున్నట్లే తోచినది గాని ఎక్కడను తుప్పు లేదు. ఏండ్ల తరబడి కురియు కప్పు క్రింద పడియున్న ఇనుమునకు తుప్పు పట్టకుండుట యెట్లు? బడిలోని ఒక పిల్లవానిచేత అయస్కాంతము తెప్పించి ఆనించితిమి. అంటుకొనలేదు. మెడవద్ద పొడిగుడ్డతో కొంతసేపు రుద్దగా, నల్లని నేలలో వెంట్రుకవంటి తెల్లని గీత యొకటి బయటపడెను; దాని ప్రక్కను ఒక పూవురేకు. అది వెండి. కాలక్రమమున ఆ వెండియు నల్లబడి నేలనలుపులో కలిసిపోవుటచే ఎవరికిని కనబడలేదు. అది ఇనుప కూజా కాదు. బీదరు పనితనముగల హుక్కా అడుగుపాత్ర.

అందరును సంతోషించిరి. పళ్లెమేదని అడిగితిని. వేలములో నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చునను సదుద్దేశముతో కార్యాలయపు పనిమనిషి ఆ ఉదయముననే దానిని చింతపండుతోను, ఇటుకపొడితోను గట్టిగా తోమియుంచినది. “నలుపంతా పోగొట్టినానయ్యా” అని ఆనందముగా తెచ్చి చూపినది. పళ్లెము బూడిదరంగుగా మారినది. వెండితీగలు నేలకంటె పైకి లేచి వ్రేళ్లకు గ్రుచ్చుకొనుచుండెను. రెండుచోట్ల తీగ ఊడి, తీగ కూర్చున్న కాలువలు మాత్రము మిగిలినవి. ఆమెను తప్పుపట్టుటకు వీలులేదు. ఇత్తడి బిందెకు ఆ పని ప్రతి ఇంటను చేయుదురు. ఏది ఇత్తడియో, ఏది కాదో ఆమెకు ఎవరును చెప్పలేదు. ఆ మాట మీకు చెప్పుటకే వచ్చితిని.

బీదరు పట్టణము నేడు కర్ణాటకలోనిది. 1956 నవంబరు 1వ తేదీ వరకు బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములో ఉండెను. కనుక మన ప్రాంతపు గడులలోను, దివాణములలోను, దర్గాలలోను ఈ వస్తువులు దొరకుటలో ఆశ్చర్యము లేదు. ఈ పని బహమనీ సుల్తానుల కాలమున బీదరులో వేరూనినదని చెప్పుదురు. హైదరాబాదులోను, ఉత్తరదేశమున లక్నోలోను, బీహారునందలి పూర్ణియాలోను ఈ పని సాగినది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున బీదరు వస్తువులను ఉంచిరి. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. హైదరాబాదునందలి సాలార్‌జంగ్ మ్యూజియమున మంచి బీదరు వస్తువులు ఉన్నవి. నగరమునకు వెళ్ళునపుడు ఒక గంట వెచ్చించి చూడుడు. ఒకసారి మంచి వస్తువును చూచిన కంటికి అటుకమీది వస్తువు తానే కనబడును.

దీని లోహము ఇనుము కాదు, ఇత్తడి కాదు, కంచును కాదు. ఇందులో ముఖ్యమైనది తుత్తునాగము, అనగా జింకు. నేటి పనివారు సామాన్యముగా పదునారు పాళ్లు తుత్తునాగమునకు ఒక పాలు రాగి కలుపుదురు. పాత వస్తువులను పరీక్షించినపుడు కొన్నిటిలో సీసము, తగరము కూడ కొద్దిగా కనబడినవి. రాగి తక్కువైనను అది లేనిదే పని సాగదు. పైకి వచ్చు నలుపునకు ఆ రాగియే ఆధారము.

తుత్తునాగమును గూర్చి ఒక ముచ్చట. రాగిని, ఇనుమును తీసినట్లు దీనిని కొలిమిలో తీయుటకు వీలులేదు. 907 డిగ్రీల వేడికి అది ఆవిరియై ఎగిరిపోవును. ఆ ఆవిరిని మూతపెట్టిన మట్టిమూసలలో పట్టి, చల్లార్చి లోహముగా దింపుట మనదేశమున రాజస్థానములోని జావర్ వద్ద మధ్యయుగమునాడే పెద్ద ఎత్తున జరిగినది. వాడివేసిన మూసల గుట్టలు నేటికిని అచ్చట ఉన్నవి. ఐరోపాలో, ఇంగ్లండునందలి బ్రిస్టలులో ఛాంపియన్ అను నతడు ఇట్టి విధానమునకు పేటెంటు పొందినది 1738లో. మన అటుకమీది నల్లకూజా వెనుక ఇంత విద్య యున్నది.

ఇక పని జరుగు విధము. ఇది తెలిసినచో గుర్తుపట్టుట సులభము. మెత్తని మట్టిలో ఆముదము, గుగ్గిలము కలిపి అచ్చు చేసి లోహమును పోయుదురు. వచ్చిన పోతను ఆకురాయితో నునుపు చేయుదురు. గీతలు స్పష్టముగా కనబడుటకై మైలుతుత్తపు నీటిని పూసి తాత్కాలికముగా నల్లబరతురు. ఆ నలుపుమీద సన్నని సూదిమొనతో లతలు, పూలు గీసి, చిన్న ఉలులతో కాలువలు త్రవ్వుదురు. ఆ కాలువలలో మేలిమి వెండితీగను గాని, కత్తిరించిన వెండిరేకును గాని ఉంచి సుత్తితో మెల్లగా కొట్టుదురు. వెండి మెత్తనిది గనుక సాగి కాలువ అంచుల క్రిందికి పోయి బిగిసికొనును. జిగురు లేదు, అతుకు లేదు, బిగువే ఆధారము. తరువాత మరల నునుపు చేయుదురు. అప్పటికి వస్తువంతయు ఒకే తెలుపు. నేల యేదో వెండి యేదో కనబడదు.

ఆ పిమ్మట జరుగు పని చూడదగినది. వస్తువును కొంచెము వేడిచేసి, బీదరు కోటలోని పాత మట్టిని నవాసాగరముతో నీటిలో కలిపి ఆ పేస్టును పట్టింతురు. ఏండ్ల తరబడి వాన తగులని చోటినుండి తీసిన ఆ మట్టిలో సూరేకారపు జాతి లవణములు ఉండును. మట్టి మంచిదో కాదో పనివారు నాలుకపై వేసికొని రుచి చూచి చెప్పుదురు. కొద్దిసేపటిలో నేల కారునలుపుగా మారును. వెండి మాత్రము మారదు. కడిగి తుడిచి నూనె రాతురు. ఆ నలుపు రంగు కాదు, లక్క కాదు. లోహపు పైపొరయే మారి ఏర్పడిన పలుచని పొర. దాని క్రింద ఉన్నది తుత్తునాగము. పులుపు తగిలినచో తుత్తునాగము కరుగును. ఇప్పుడు చింతపండు ఆ పళ్లెమును ఏమి చేసినదో మీరే ఊహింపవచ్చును. పైపొర పోయినది, నేల కరిగి క్రిందికి దిగినది, వెండి కరగక పైకి నిలిచినది, బిగువు పోయి ఊడినది.

తడి కూడ దీనికి శత్రువే. వెండియు తుత్తునాగమును ఆనుకొని తడిలో ఉన్నచో వాని నడుమ విద్యుత్తు పుట్టి తుత్తునాగము తినివేయబడును. 1800లో ఇటలీవాడైన వోల్టా మొదటి బ్యాటరీని చేసినది వెండి బిళ్లలను, తుత్తునాగపు బిళ్లలను ఉప్పునీటి తడితో పేర్చియే. టార్చిలైటు బ్యాటరీ పైడబ్బా చిల్లులుపడి కారుట మీరు చూచియుందురు. అదియు తుత్తునాగమే. కనుక బీదరు వస్తువును నీటితో కడుగవలదు. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, కొద్దిగా కొబ్బరినూనె రాచి, మరల పొడిగుడ్డతో తుడిచి తడిలేని చోట ఉంచవలెను.

వెండిని పొదుగుటలో తీరులు కలవు. తీగతో చేసినది తార్‌కషీ. రేకు ముక్కలను నేలతో సమముగా కూర్చినది తహ్‌నిషాన్. వెండి నేలకంటె పైకి ఉబికియుండినది జర్‌బులంద్. లక్నో పనిలో ఇది ఎక్కువ. వెండిరేకునే నేలగా పరచి, దానిలో కత్తిరించిన సందులనుండి నలుపు పూలవలె కనబడునట్లు చేసినది ఆఫ్తాబీ. ఈ పేర్లు జ్ఞప్తియందు ఉంచుకొనవలసిన అవసరము లేదు. మీరు జాబితాలో “తీగపని”, “రేకుపని”, “ఉబ్బుపని” అని వ్రాసినను చాలును. కొన్ని వస్తువులలో పసుపుపచ్చని పూలు కనబడును. బంగారమని తొందరపడవలదు, ఇత్తడిని పొదుగుటయు కలదు.

వయస్సు చెప్పుట కష్టమైన పని. అయినను ఒక హద్దు చెప్పవచ్చును. మనదేశమునకు పొగాకు వచ్చినది పోర్చుగీసువారి ద్వారా. మొగలు దర్బారునకు అది చేరినది పదునేడవ శతాబ్ది ఆరంభమున. కనుక “మా హుక్కా కాకతీయుల నాటిది” అని ఎవరైన చెప్పినచో చిరునవ్వుతో వినుడు. గుండ్రని బంతివంటి అడుగుపాత్రలు ముందటివి. గంటవలె వెడల్పైన అడుగు గలవి సామాన్యముగా తరువాతి కాలపువి.

బీదరును పోలిన వేరొక పని ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదునుండి వచ్చును. ఇత్తడికి కళాయి వేసి, నేలను చెక్కి, ఆ పల్లములలో నల్లని లక్క నింపుదురు. దూరమునుండి అచ్చముగా బీదరే. అడుగు త్రిప్పి చూడుడు. అరిగిన అంచున పసుపు కనబడినచో అది ఇత్తడి. బీదరులో ఎచ్చట అరిగినను క్రింద బూడిదతెలుపే గాని పసుపు ఉండదు. ఈ కాలమున అంగళ్ళలో అల్యూమినియమునకు నల్లరంగు పూసి తెల్లగీతలు వేసిన వస్తువులును అమ్ముచున్నారు. చేతికి ఎత్తినంతనే దాని తేలికతనము బయటపడును.

ఇచ్చట అన్నిటికిని పనికివచ్చు సూత్రమొకటి చెప్పెదను. వస్తువు ముఖమును కాదు, అడుగును చూడుడు. ముఖమును పనివాడు మనకు చూపుటకే చేసినాడు. అడుగు, లోపలి అంచు, పిడి అతికిన చోటు, చేయి తగిలి అరిగిన మూల, ఇవి నిజము చెప్పును. భూతద్దమొకటి, అయస్కాంతమొకటి, దారమొకటి, మంచి తక్కెడ యొకటి ఉన్నచో చాలును. ఆకురాయి అవసరము లేదు. పాత సామాను కొనువాడు వచ్చి ఆకురాయితో ఒక గీటు గీయుట వానికి అలవాటు. ఆ గీటు మరల మానదు. వానిని గీయనీయవలదు.

తక్కెడతో చేయు పరీక్ష యిది. వస్తువును తూచి బరువు వ్రాసికొనుడు. తరువాత దానిని దారముతో కట్టి, నీటి బొక్కెనలో పూర్తిగా మునుగునట్లును, అడుగునకు తగులకుండునట్లును వ్రేలాడదీసి మరల తూచుడు. నీటిలో బరువు తగ్గును. మొదటి బరువును ఆ తగ్గిన భాగముచేత భాగింపుడు. ఉదాహరణకు ఒక వస్తువు గాలిలో 1,420 గ్రాములు, నీటిలో 1,220 గ్రాములు తూగినదనుకొందము. తగ్గినది 200 గ్రాములు. భాగించిన 7.1 వచ్చును. అది తుత్తునాగపు అంకె. ఇనుమునకు 7.8, ఇత్తడికి సుమారు 8.5, కంచునకు అంతకంటె కొంచెము ఎక్కువ, రాగికి దాదాపు 9, వెండికి 10.5, సీసమునకు 11.3, బంగారమునకు 19.3. ఇత్తడికిని కంచునకును అంకెలు దగ్గర గనుక ఈ పరీక్ష వానిని వేరుచేయదు. లోపల మట్టియో, లక్కయో, కొయ్యయో ఉన్న వస్తువులకును, మూసిన గుల్ల వస్తువులకును ఇది చెల్లదు. బీదరు అని అనుమానమున్న దానిని తడుపనే వలదు. తడుపక తప్పనిచో వెంటనే తుడిచి నీడను ఆరబెట్టవలెను.

ఇత్తడి రాగి తుత్తునాగముల కలయిక. కంచు రాగి తగరముల కలయిక. గంటలకు వాడు కంచులో నూటికి ఇరువది పాళ్లకు పైగా తగరము ఉండును. కంచును మీటిన మ్రోత సాగుచునే యుండును. ఇత్తడి మ్రోత త్వరగా అణగును. బీదరు లోహము దాదాపు మూగది. క్రిందపడినచో ఇత్తడి చెంబు సొట్టపడును, గంటకంచు పగులును. అందుచేతనే మన పెద్దలు కంచుకంచములను అంత జాగ్రత్తగా చూచుకొనిరి. మీటి చూచునపుడు గోటితో మీటుడు, గరిటెతో కాదు. పగులున్న గంట గరిటెదెబ్బకు రెండగును.

తెల్లగా ఉన్న దంతయు వెండి కాదు. ఇత్తడిమీది కళాయి తెల్లగానే యుండును. అరిగిన అంచున పసుపు కనబడును. “జర్మన్ సిల్వర్” అను లోహములో వెండి బొత్తిగా లేదు. అది రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము. విద్యుత్తుతో వెండిపూత పూయు విధానము 1840 మొదలు వ్యాపారమున ప్రవేశించినది. అట్టి పూత పిడిమీదను, అంచులమీదను ముందుగా అరుగును. నిజమైన వెండి కాలక్రమమున నల్లబడునే గాని పచ్చచిలుము పట్టదు. పచ్చచిలుము కనబడినదనిన రాగి ఉన్నదని అర్థము. తెల్లని పొడి తుత్తునాగమునకును, ఎర్రని తుప్పు ఇనుమునకును గుర్తు.

దసరానాడు ఆయుధపూజకు బయటికి తీయు పాత కత్తులు, డాళ్లు, బల్లెములు కొన్ని ఊళ్లలో నేటికిని ఉన్నవి. వాని పిడులమీద బంగారుపని కనబడుటయు కలదు. దీనిని కోఫ్త్‌గరీ అందురు. ఇది బీదరువలె లోతుగా పొదిగినది కాదు. ఉక్కు పైభాగమును సన్నని అడ్డుగీతలతో గరుకు చేసి, ఆ గరుకుమీద బంగారుతీగను పెట్టి కొట్టి అంటింతురు. గుర్తు యేమనగా, బంగారము అరిగినచోట భూతద్దముతో చూచిన జల్లెడవంటి అడ్డుగీతలు కనబడును. లోతుగా పొదిగినదైనచో అచ్చట కాలువ యుండును. పాదరసముతో కలిపి కాల్చి పట్టించిన బంగారుపూతయైనచో కాలువయు ఉండదు, గీతలును ఉండవు. ఆ మూడును ఒక్క చూపులో వేరుపడును. కోఫ్త్‌గరీ బంగారము కాగితముకంటె పలుచన. పండుగకు ముందు కత్తిని సానపట్టువానికి ఇచ్చి తళతళలాడించుట చాల ఊళ్లలో ఆచారము. ఒకసారి సాన తిరిగిన బంగారము పొడియై గాలిలో కలిసిపోవును. అంచునకు పదును కావలసినచో అంచునకే పట్టింపవలెను. పిడిని, మొదటి జానెడు భాగమును తాకనీయరాదు.

దేవాలయపు వస్తువులలో అధికభాగము పొదుగుపని కాదు. పోతపనియో, తాపడమో అయియుండును. ధ్వజస్తంభపు తొడుగులు, వాహనములు, మకరతోరణములు, తలుపుల తాపడములు, ఇవి ఇత్తడి రేకును లక్కపై పరచి వెనుకనుండి ఉబ్బించి, ముందునుండి చెక్కి కొయ్యమీద మేకులతో బిగించినవి. జనగామ జిల్లాలోని పెంబర్తి ఈ పనికి ప్రసిద్ధి. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. రేకు వెనుక త్రిప్పి చూచిన ముందటి ఆకృతియే తలక్రిందుగా, పల్లముగా కనబడును. దీనితో గ్రామములలో జరుగు నష్టము ఒక తీరున నుండును. లోపలి కొయ్య చెదపట్టును, వాహనము కూలును, “కొత్తది చేయింతము” అని దాతలు ముందుకు వత్తురు, పాత రేకు తూకమునకు పోవును. చెడినది కొయ్య గాని రేకు కాదు. కొయ్యను మార్చి ఆ రేకునే తిరిగి బిగింపగల పనివారు పెంబర్తిలో ఉండగా, నూరేండ్ల పనితనమును కరగించి బిందెలు చేయించుట నాకు సరిగా తోచదు.

ఆదిలాబాదు ప్రాంతపు వోజులు చేయు దోక్రా వస్తువులమీద తీగలు చుట్టినట్లు గీతలు ఉండును. వానిని చూచి తీగ పొదిగినారని భ్రమపడుదురు. అవి మైనపు దారములు. మట్టి నమూనాపై మైనపు దారములు చుట్టి, దానిపై మరల మట్టి పూసి కాల్చగా మైనము కరగిపోవును. ఆ సందులో లోహము పోయుదురు. కనుక గీతయు, నేలయు ఒకే లోహము, ఒకే పోత. ఇక రాగియు ఇత్తడియు అతికి చేసిన రెండురంగుల చెంబులను గంగాజమున చెంబులందురు. అది అతుకుపని, లోపల చేయి పెట్టి చూచిన అతుకు తగులును.

పంచలోహములను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు, ఏలయనగా ఈ మాటవలననే విగ్రహములు పోవుచున్నవి. పంచలోహ విగ్రహమనగానే అందు బంగారము దండిగా ఉండునని జనులు నమ్ముదురు. దొంగలును నమ్ముదురు. దక్షిణదేశపు పాత విగ్రహములను పరీక్షించినపుడు అందు ముఖ్యమైనది రాగియే. తగరము, సీసము కొంత. వెండి బంగారములు ఉన్నను లేశమాత్రము. విగ్రహమును కరగించి బంగారము తీయవచ్చుననుట వట్టి మాట. ఈ సంగతిని మీరు ఊరిలో బాహాటముగా చెప్పుడు. గ్రామసభలో చెప్పుడు. దొంగ చెవికి చేరినను మంచిదే. కాని కరగించుటకు గాక విదేశములకు అమ్ముటకు ఎత్తుకొనిపోవువారు వేరుగా ఉన్నారు. వారిని ఆపునది జాబితాయు, ఛాయాచిత్రమును.

ఇందులకు ఒక నిదర్శనము. తమిళనాడులోని శ్రీపురందాన్ అను చిన్న ఊరి ఆలయమునుండి ఒక నటరాజ విగ్రహము దొంగిలింపబడి, 2008లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు అమ్ముడుపోయినది. ఆ విగ్రహము ఆ గుడిలో ఉండగా పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థవారు పూర్వమే తీసియుంచిన ఛాయాచిత్రము ఉండుటవలన అది ఇదియేయని రుజువు చేయగలిగిరి. 2014 సెప్టెంబరులో విగ్రహము మనదేశమునకు తిరిగివచ్చినది. ఛాయాచిత్రము లేని ఊళ్లు ఎన్నో యున్నవి. వారి విగ్రహము ఎదుటనే నిలిచియున్నను “ఇది మాది” అని చెప్పుటకు వారికి ఆధారము ఉండదు.

కనుక పంచాయతీవారు ఒక పుస్తకము పెట్టవలెను. వస్తువు పేరు, అది ఉన్న చోటు, ఎత్తు, వెడల్పు, బరువు, తోచిన లోహము, పని తీరు, సొట్టలు, పగుళ్లు, అతుకులు, ఇవన్నియు వ్రాయవలెను. సొట్టలను తప్పక వ్రాయుడు. రెండు పాత్రలు ఒకే తీరున ఉండవచ్చును గాని ఒకే సొట్ట రెంటికి ఉండదు. చెంబుల అడుగున చుక్కలతో కొట్టిన పేర్లు ఉండును: దాత పేరు, ఊరి పేరు, ఒక్కొక్కప్పుడు సంవత్సరము. వానిని ఉన్నది ఉన్నట్లు వ్రాసికొనుడు. తోమి తోమి ఆ చుక్కలను మాపుకొన్న ఊళ్లను చూచితిని. ఈ కాలమున ప్రతివారి చేతిలోను కెమెరా గల సెల్‌ఫోను ఉన్నది. ముందు, వెనుక, అడుగు, ఈ మూడింటికి పగటి వెలుతురులో ఫొటోలు తీసి, ప్రక్కన కొలబద్ద ఉంచి, ఒక ప్రతి పంచాయతీలోను మరియొక ప్రతి వేరొక చోటను దాచవలెను.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము 1976 ఏప్రిల్ 5వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నూరేండ్లకు తక్కువకాని లోహపు కళావస్తువు పురావస్తువు క్రిందికి వచ్చును. దానిని ప్రైవేటువారు దేశము దాటింపరాదు. లైసెన్సు లేక దాని వ్యాపారము చేయరాదు. లోహవిగ్రహములవంటి కొన్ని తరగతుల వస్తువులను రిజిస్టరు చేయింపవలెను. గుడి వస్తువులు గుడివే. అవి పంచాయతీ వేలమునకు వచ్చునవి కావు. భూమి త్రవ్వగా దొరికినచో తహసీలుదారుకు తెలియజేయవలెను. పదిమంది పంచుకొనుట నేరము. అనుమానమున్న వస్తువును గూర్చి రాష్ట్ర పురావస్తుశాఖకు ఫొటోతో ఒక జాబు వ్రాయుడు. గీయకుండ, కోయకుండ ఎక్స్‌కిరణములతో లోహమును గుర్తించు యంత్రములు ఇప్పుడు కలవు. అవి పైపొరను మాత్రమే చదువును గనుక పూత ఉన్న వస్తువువిషయమున మన కంటిపని మనకు తప్పదు.

ఆ ఊరి కూజా సంగతి మీరడుగుదురు. వేలపు జాబితానుండి ఆ రెండు వస్తువులను తొలగించుచు ఆనాడే వేరొక తీర్మానము వ్రాసిరి. కూజాను గాజుతలుపు బీరువాలో పెట్టిరి. పళ్లెమును బీదరు పనివానికి చూపించితిమి. నలుపు మరల పట్టింపగలనని అతడు చెప్పినాడు, ఊడిన తీగను మరల కూర్చగలనన్నాడు. అయితే కరిగిన నేలను నేను తేలేననియు, లేచిన వెండిని నేలతో సమముగా ఆకురాయి పట్టినచో పాత పనివాని గీత కొంత పోవుననియు చెప్పినాడు. పంచాయతీవారు ఆలోచించి, దానిని ఉన్నది ఉన్నట్లే కూజా ప్రక్కను ఉంచిరి.

మీ యెదుట ఈ బల్లమీద ఐదు వస్తువులు ఉంచితిని. ఒకటి బీదరు పని, ఒకటి మొరాదాబాదు పని, ఒకటి కళాయి చెంబు, ఒకటి దోక్రా దీపము, ఒకటి నల్లరంగు పూసిన అల్యూమినియము. ఏది యేదియో నేను చెప్పను. అయస్కాంతమును, భూతద్దమును ఇచ్చటనే పెట్టితిని. ముందువరుసలోనివారు మొదట రండు. చేతులు తుడుచుకొని రండు, చెమటలోను ఉప్పుండును. రెండు చేతులతో ఎత్తి, ముందుగా అడుగు త్రిప్పి చూడుడు.